సూపర్ క్లిక్, జయపాల్ గారూ!

శవం గుర్రపుడెక్కలో చిక్కుకుని ఉంది.

బోర్లా తేలుతోంది. ఒక కాలికి చెప్పుంది, రెండో కాలికి లేదు. తల వెనుక, కుడి చెవికి కాస్త పైన, చీరుకుపోయిన గాయం.

ఆదివారం. ఇబ్రహీంపట్నం దగ్గర ఫెర్రీ రేవు. చేపలు కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు ముందుగా చూసి కేకలు పెట్టారు. పోలీసు జీపు వచ్చేసరికి ఎనిమిదిన్నర.

సీఐ కనకదుర్గ మెట్లు దిగింది. కింది మెట్లకి పాచి పట్టి ఉంది. పై మెట్టు మీద గుడ్డ సంచి ఒకటి. అందులో చిన్న బైబిలు, మంచినీళ్ళ సీసా, ఫోన్. ఫోన్ తడవలేదు.

అది ఆగకుండా టింగు టింగుమంటోంది.

హెడ్ కానిస్టేబుల్ యేసుబాబు చేతికి గ్లౌజు తొడుక్కుని ఫోన్ బయటికి తీశాడు. లాక్ పడి ఉంది. మెసేజులు మాత్రం తెర మీద ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతున్నాయి.

"చదువు," అంది కనకదుర్గ.

"'సూపర్ క్లిక్, జయపాల్ గారూ!' దండం పెట్టే చేతులు. 'వావ్ సర్.' 'నైస్.' మళ్ళీ 'సూపర్ క్లిక్.' పువ్వులు. ఇదెవరో పెద్దది రాశారు మేడం... 'ఎర్రటి ఆకాశం, నల్లటి పడవ, పక్కన వల విసిరే మనిషి, మూడూ ఒక్క ఫ్రేములో! మీ కంటికి దండం జయపాల్ గారూ.' ఈయనెవరో కవిలా ఉన్నాడు. తర్వాత చప్పట్లు. 'అదుర్స్ అన్నా.'"

"చాలు."

కనకదుర్గ నీళ్ళవైపు చూసింది. ఇద్దరు జాలర్లు శవాన్ని గట్టుకి లాగుతున్నారు. మనిషిని వెల్లకిలా తిప్పారు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"ఈయనేనా జయపాల్?"

యేసుబాబు జేబులోని ఐడీ కార్డు తడి తుడిచి చూశాడు. "ఈయనే మేడం. పటమటలో ల్యాబ్ టెక్నీషియన్."

ఫోన్ మళ్ళీ టింగుమంది.

"శవానికి లైకులు కొడుతున్నారు," అంది కనకదుర్గ. "ఆ సౌండు ఆపు ముందు."

---

జయపాల్ భార్య హెప్సిబా చర్చి నుంచి నేరుగా వచ్చింది. తెల్ల చీర. పటమటలోనే ఓ ప్రైవేటు స్కూల్లో తెలుగు టీచరు. గట్టిగా ఏడవలేదు. భర్త రెండో చెప్పు ఎక్కడుందని మాత్రం రెండుసార్లు అడిగింది.

"అమ్మా, జయపాల్ గారు తరచుగా ఇక్కడికి వస్తారా?"

"ఆదివారాలు వస్తారండీ. సూర్యోదయం ఫోటో తీసుకుని, ఆరాధన టైముకి చర్చికి వచ్చేస్తారు."

"కాలు జారి ఉంటారని ఇక్కడి వాళ్ళు అంటున్నారు."

హెప్సిబా తలెత్తింది. "ఆయనకి నీళ్ళంటే భయమండీ. కిందికి దిగరు. పై మెట్టు మీద కూర్చునే తీస్తారు. పడవ దగ్గరికి రాకపోతే తీయడం మానేస్తారు గానీ, తను దగ్గరికి వెళ్ళరు."

"ఎవరితోనైనా గొడవలున్నాయా?"

"గొడవ పెట్టుకునే మనిషి కాదు. కానీ వారం రోజుల్నుంచి మనసు బాగోలేదు. అడిగితే, 'చిన్న విషయమే, నేనే మాట్లాడుకుంటాను' అన్నారు."

ఫోన్ లాక్ ఆమే తీసి ఇచ్చింది.

జయపాల్ చివరి ఫోటో ఉదయం ఆరూ ఇరవైకి గ్రూపులోకి వెళ్ళింది. ఎర్రటి ఆకాశం. నది మధ్యలో నల్లగా ఒక పడవ. అంతే. ఆ ఫోటో బాగుంది. ఫోటోల గురించి ఏమీ తెలియని కనకదుర్గకి కూడా బాగుందనిపించింది.

దాని కింద చెత్త మొదలైంది.

గ్రూపు పేరు 'కృష్ణాతీరం ఛాయాచిత్ర మిత్రమండలి'. పేరు పెద్దది, పని చిన్నది. ఒకరు ఫోటో పెడతారు. మిగతావాళ్ళు పొగుడుతారు. పొగిడించుకున్నవాడు మర్నాడు వాళ్ళని పొగుడుతాడు. పెళ్ళిలో చదివింపుల్లాంటి వ్యవహారం. నువ్వు నాకు చెంబు పెట్టావు గనక నేను నీకు గ్లాసు పెడతాను. మధ్యలో శుభోదయాలు, కాఫీ కప్పుల బొమ్మలు, ఎవరి మనవడిదో పుట్టినరోజు.

కనకదుర్గ ఫోన్ గ్యాలరీ తెరిచింది. ఆ సూర్యోదయం రెండుసార్లు కనిపించింది. ఒకటి గ్రూపులో పెట్టింది. రెండోది అసలు ఫోటో, ఇంకా వెడల్పుగా ఉంది. దాంట్లో ఎడమ అంచున చిన్న నావ మీద ఒక జాలరి వల విసురుతున్నాడు. చెయ్యీ వలా కదిలిపోయి మసగ్గా పడ్డాయి. అందుకే ఆ మేరకు కత్తిరించి, మిగిలింది పోస్ట్ చేశాడు జయపాల్.

"యేసుబాబూ, ఈ వల మనిషిని పట్టుకో. పొద్దున ఈ రేవులో ఏం జరిగిందో ఇతనికి తెలిసుండాలి."

సాయంత్రానికి జాలరి దొరికాడు. ఫెర్రీ వాడే.

"ఇద్దరున్నారండి మెట్ల మీద. ఒకాయన ఫోన్తో తీస్తన్నాడు. రెండో ఆయన మెళ్ళో పేద్ద కెమెరా ఉంది. పక్కపక్కనే నిలబడి ఫోన్లో ఏదో చూసుకుంటన్నారు."

"మొహం గుర్తుపడతావా?"

"మంచులో మొహాలేం కనపడతాయండి? నాకు చేపలు పడలేదు. లంక అవతలకి పోయాను. తర్వాత సంగతి నాకు తెలవదు."

పోస్ట్‌మార్టం రిపోర్టు మర్నాడు వచ్చింది. తల మెట్టు అంచుకి తగిలింది. నీళ్ళలో పడేసరికి మనిషి బతికే ఉన్నాడు. ఊపిరితిత్తుల నిండా నీళ్ళు. కుడి జబ్బ మీద వేళ్ళు బిగించి పట్టుకున్న గుర్తులు.

కనకదుర్గ కేసుని హత్య సెక్షన్ కిందికి మార్చింది.

---

శనివారం సాయంత్రం జయపాల్‌కి గ్రూపు వాళ్ళు ముగ్గురు ఫోన్ చేశారు. ముగ్గురికీ పెద్ద కెమెరాలున్నాయి. ముగ్గురినీ విచారించాలి.

మొదటివాడు ఆరోన్. పటమటలో స్టూడియో. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు తీస్తాడు.

"జయపాల్ అంటే మీకు పడదట?"

"పడదని కాదండీ. మా చర్చిలో పెళ్ళిళ్ళకి ఉత్త పుణ్యానికి ఫోటోలు తీసిపెట్టేవాడు. మరి మేమేం తినాలి? శనివారం ఫోన్ చేసి ఆ మాటే అన్నాను. 'ఇక తీయను లేండి ఆరోన్ గారూ' అన్నాడు. పాపం."

"ఆదివారం తెల్లారి ఎక్కడున్నారు?"

"గుడివాడలో పెళ్ళి, తెల్లవారి ముహూర్తం. తలంబ్రాల టైములో నేను స్టేజీ మీదే ఉన్నాను. వీడియో ఉంది, చూసుకోండి."

వీడియోలో ఉన్నాడు. పురోహితుడికి అడ్డంగా నిలబడి, ఆయన చేత తిట్లు తింటూ ఉన్నాడు. ఆరోన్‌ని పంపేశారు.

రెండోవాడు రామాంజనేయులు. రిటైర్డ్ ఇంజనీరు. స్టేషన్‌కి కూడా కెమెరా మెళ్ళో వేసుకునే వచ్చాడు. కెమెరాకో కవరు, లెన్సుకో కవరు. ఆయన నోటికి మాత్రం ఏ కవరూ లేదు.

"ఫోన్‌తో తీసేది ఫోటో కాదు మేడం. ఉత్త నొక్కుడు. ఆ మాట జయపాల్‌కి గ్రూపులో అందరి ముందే చెప్పాను."

"ఆయనేమన్నారు?"

"'సరేనండి' అన్నాడు. అదే నాకు మండింది."

"శనివారం ఫోన్ ఎందుకు చేశారు?"

"త్వరలో మా ఎగ్జిబిషనుంది. నా ఫోటో పక్కన నీ ఫోన్ ఫోటో పెట్టొద్దని చెప్పాను."

"దానికేమన్నారు?"

"సరేనండి అన్నాడు."

"ఆదివారం పొద్దున ఎక్కడున్నారు?"

"నది ఒడ్డున."

రాసుకుంటున్న యేసుబాబు పెన్ను ఆగింది.

"ఏ నది?" అంది కనకదుర్గ.

"కృష్ణే! మనకింకే నదుంది? సూర్యోదయం తీశాను. గ్రూపులో పెట్టాను. అరవై ఏడు లైకులొచ్చాయి."

"మిమ్మల్ని అక్కడ ఎవరైనా చూశారా?"

"లేదు. కళాకారుడు ఎప్పుడూ ఒంటరివాడే మేడం."

"అంటే జయపాల్ చచ్చిపోయిన టైముకి మీరు నది ఒడ్డున ఉన్నారు. మెళ్ళో కెమెరా ఉంది. సాక్షి లేడు. అంతేనా?"

రామాంజనేయులు కెమెరాని ఒళ్ళోకి లాక్కున్నాడు. అయినా తల ఊపాడు. "అంతే."

"ఆ ఫోటో చూపించండి."

చూపించాడు. కనకదుర్గ వేళ్ళతో పెద్దది చేసి చూసింది.

"నీళ్ళు ఇలా ఉన్నాయేంటి?"

"సూర్యకాంతి మేడం. గోల్డెన్ అవర్ అంటారు."

"ఇది సూర్యకాంతి కాదు, ఒండ్రు. చెట్లకొమ్మలు కొట్టుకొస్తున్నాయి. మెట్లు సగం మునిగాయి. ఇప్పుడు ఫిబ్రవరి. ఈ నెలలో వరదెక్కడిది? మీరు ఇంజనీరు కూడాను."

రామాంజనేయులు కెమెరా కవరు జిప్పు వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు.

"హత్య కేసండీ ఇది. అబద్ధం చెబితే లోపలికి పోతారు."

"పాతదండీ," అన్నాడు గొంతు తగ్గించి. "పోయిన వరదల్లో తీసింది. ఆదివారం ఏడున్నర దాకా నిద్రపోతున్నాను. మా ఆవిడని అడగండి."

"మరి ఒడ్డున ఉన్నానని ఎందుకన్నారు?"

"'ఈ ఉదయం' అని రాసి పెట్టాను కదండీ." ముందుకి వంగాడు. "మేడం, ఈ సంగతి గ్రూపులో తెలియకుండా చూడండి. పరువు పోతుంది."

కనకదుర్గ ఆయన్ని ఎగాదిగా చూసింది. ఈ మనిషి హంతకుడనిపించుకోవడానికైనా సిద్ధపడ్డాడు. బారెడు పొద్దెక్కేదాకా పడుకున్నానని ఒప్పుకోవడానికి మాత్రం సిద్ధంగా లేడు. ఆ వరద ఫోటోని మెచ్చుకున్న అరవై ఏడు మందిలో, ఫిబ్రవరిలో ఇన్ని నీళ్ళెక్కడివని ఒక్కడైనా అడగలేదు.

"వెళ్ళండి," అంది. "వెళ్ళి పడుకోండి."

---

మూడోవాడు గంగాప్రసాద్. గ్రూపు అడ్మిన్. వన్ టౌన్‌లో స్టీలు సామాన్ల హోల్‌సేల్ షాపు.

కనకదుర్గే వెళ్ళింది. సందు నిండా తోపుడుబళ్ళు. షాపు మీద సగం గోడ మేర ఫ్లెక్సీ. శాలువా కప్పుకున్న గంగాప్రసాద్ నవ్వుతున్నాడు. పక్కన ఆయనకి బహుమతి తెచ్చిన ఫోటో. నాగాయలంకలో ఒక ముసలి జాలరి ఆడమనిషి నీళ్ళోడుతున్న గంపని తలకెత్తుకుంటోంది. గంపలోంచి కారే నీళ్ళు మొహం మీద పడుతుంటే ఒక కన్ను మూసుకుని నవ్వుతోంది. కింద పెద్ద అక్షరాలు: 'రాష్ట్రస్థాయి ప్రథమ బహుమతి గ్రహీత'. వచ్చే ఆదివారం సన్మాన సభ.

"జయపాల్ నాకు తమ్ముడి లాంటివాడండీ." గంగాప్రసాద్ కర్చీఫుతో కళ్ళద్దుకున్నాడు. "కాఫీ తెమ్మంటాను."

"వద్దు. శనివారం ఫోన్ ఎందుకు చేశారు?"

"ఎగ్జిబిషన్ గురించి. వాడి ఫోటోలు రెండు పెడదామని. ఇప్పుడిక ఎగ్జిబిషనే వాడి పేరు మీద పెడతాను."

"ఆదివారం పొద్దున?"

"ఇంట్లోనే ఉన్నాను మేడం. తొమ్మిదింటికి షాపుకొచ్చాను. కావాలంటే నా ఫోన్ లొకేషన్ తీయించుకోండి."

"నేను అడగలేదే."

"అంటే... ప్రొసీజర్ ఉంటుంది కదా అని."

కనకదుర్గ ఫ్లెక్సీ వైపు చెయ్యి చూపించింది. "ఇది మీరు తీసిందేనా?"

"నా కెమెరా, నా కన్ను, దేవుడి దయ."

"ఈవిడ పేరేంటి?"

గంగాప్రసాద్ రెప్పలార్పాడు. "పేరా? పేరెందుకండీ? అదొక ఎక్స్‌ప్రెషన్."

బయట తోపుడుబండి మీంచి స్టీలు బిందె జారి రోడ్డు మీద దొర్లింది. గంగాప్రసాద్ అదిరిపడ్డాడు. తన సరుకు చప్పుడే. ముప్ఫై ఏళ్ళుగా వింటున్న చప్పుడు.

ఫోన్ లొకేషన్ తీయించారు. నిజమే, ఆ ఉదయం ఫోన్ వన్ టౌన్ దాటలేదు. ఫోన్ దాటలేదు, అంతే. మనిషి సంగతి టవర్‌కి తెలియదు.

---

ఆ సాయంత్రం కనకదుర్గ జయపాల్ ఫోన్ ముందు పెట్టుకుని గ్రూపు మొత్తం చదవడం మొదలుపెట్టింది.

"ఇదంతా ఎందుకు మేడం?" అన్నాడు యేసుబాబు. "ఉప్మా, ఊసుపోని కబుర్లు తప్ప ఏముంది ఇందులో?"

"వాగేవాడు ఎక్కడో ఒకచోట నోరు జారతాడు. వీళ్ళు పొద్దున్నుంచి రాత్రిదాకా వాగుతూనే ఉన్నారు."

చదివింది. ఒకాయన చందమామని తీశాడు, వీధిదీపంలా వచ్చింది. నలభై మంది 'అద్భుతం' అన్నారు. ఒకావిడ తన గోంగూర పచ్చడి తీసింది. దాని మీద 'ఉల్లిపాయ వేశారా' అంటూ ఒక పూట చర్చ జరిగింది. జయపాల్ పెట్టినవాటి కింద మాత్రం మెచ్చుకోళ్ళకి తోకలున్నాయి. 'ఫోన్‌తో తీసినా బాగుంది.' 'ఫోన్‌కి ఇది ఎక్కువే.' 'కెమెరా కొనుక్కోండి సార్, ఎన్నాళ్ళిలా?' ప్రతిదానికీ జయపాల్ ఒకటే జవాబిచ్చాడు. 'ధన్యవాదాలండీ.'

కనకదుర్గ రెండుచోట్ల ఆగింది. ఒకటి, గ్రూపంతా కలిసి జనవరిలో నాగాయలంక వెళ్ళినప్పటి ఇడ్లీ ఫోటో. రెండోది, ఆదివారం నాటి మెసేజు.

రెండోదాన్ని మూడుసార్లు చదివింది. ఫోటో చూసింది. మళ్ళీ చదివింది. కుర్చీలోంచి లేచింది.

"యేసుబాబూ, రేవుకెళ్ళే దారిలో, గొల్లపూడి సెంటర్లో సీసీ కెమెరాలున్నాయిగా? ఆదివారం తెల్లవారుజాము ఫుటేజీ కావాలి. గంగాప్రసాద్ కారు కోసం చూడు."

"ఆయన ఫోన్ ఇంట్లోనే ఉంది కదా మేడం?"

"ఫోన్‌కి డ్రైవింగ్ రాదులే. నువ్వు కారు చూడు."

---

గురువారం సాయంత్రం పటమటలో ఓ ఫంక్షన్ హాలు అద్దెకి తీసుకుని మిత్రమండలి సంతాప సభ పెట్టింది.

స్టేజీ మీద జయపాల్ ఫోటోకి దండ వేశారు. ఆ ఫోటోలో ఆయన మొహం మసగ్గా ఉంది, వెనకున్న పూలకుండీ మాత్రం స్పష్టంగా ఉంది. వచ్చిన ప్రతివాడూ దండం పెట్టాడు. పెట్టాక తన కెమెరాతో ఆ ఫోటోని ఫోటో తీశాడు. హెప్సిబా ముందు వరసలో కూర్చుని ఉంది. ఒకాయన ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అమ్మా, కొంచెం లైటులోకి జరుగుతారా?"

ఆమె జరగలేదు. వెనక నిలబడ్డ యేసుబాబు ఆయన భుజం మీద చెయ్యి వేసి లేపి పక్కకి పంపాడు.

గంగాప్రసాద్ మైకు పట్టుకుని ఇరవై నిమిషాలు మాట్లాడాడు. తన బహుమతి గురించి పది, జయపాల్ గురించి పది. గొంతు రెండుసార్లు వణికించాడు.

అప్పుడు కనకదుర్గ స్టేజీ ఎక్కింది. మఫ్టీలో కాదు, యూనిఫాంలో. హాలు సద్దుమణిగింది.

"మీ అందరినీ ఒక ప్రశ్న అడగాలి. జయపాల్ గారి చివరి ఫోటోని మీలో నూట పన్నెండు మంది మెచ్చుకున్నారు. అందులో ఏముంది?"

కొందరి చేతులు జేబుల్లోని ఫోన్ల కోసం వెళ్ళాయి.

"మీరు చెప్పండి సార్. 'మాటల్లేవు' అని రాశారు."

"సూర్యోదయం అనుకుంటానండీ..."

"మీరు?"

"పక్షులు... కాదు, తాటిచెట్లు."

"రామాంజనేయులు గారూ?"

"ఫోన్ ఫోటోలు నేను తెరవను. బొటనవేలు పెట్టేశానంతే."

"ఎవరూ చూడలేదు," అంది కనకదుర్గ. "మనిషి నీళ్ళలో తేలుతుంటే 'కత్తి', 'కేక' అని రాశారు. ఫోటో చూడరు, తీసినవాడు ఉన్నాడో పోయాడో చూడరు. ఫర్వాలేదు, దానికి నా దగ్గర సెక్షన్ లేదు. కానీ ఒక్కరు మాత్రం వివరంగా రాశారు. యేసుబాబూ."

యేసుబాబు జేబులోంచి ఫోన్ తీసి చదివాడు. "'ఎర్రటి ఆకాశం, నల్లటి పడవ, పక్కన వల విసిరే మనిషి, మూడూ ఒక్క ఫ్రేములో! మీ కంటికి దండం జయపాల్ గారూ.' రాసింది గంగాప్రసాద్."

"రాశాను. అయితే?" అన్నాడు గంగాప్రసాద్.

స్టేజీ వెనకున్న తెర మీద ఫోటో వెలిగింది. గ్రూపులో పెట్టిన ఫోటో. ఎర్రటి ఆకాశం. నల్లటి పడవ.

"వల విసిరే మనిషి ఎక్కడ?"

హాల్లో తలలన్నీ ముందుకి వంగాయి. బహుశా ఆ గ్రూపు పుట్టాక అందరూ కలిసి ఒక ఫోటోని నిజంగా చూడటం అదే మొదటిసారి.

"లేడు. జయపాల్ గారు కత్తిరించేశారు." రెండో ఫోటో పడింది. ఎడమ అంచున, మసగ్గా, జాలరి వల విసురుతున్నాడు. "ఇది అసలు ఫోటో. ఎవరికీ పంపలేదు. ఆ ఫోన్లోనే ఉండిపోయింది. ఆ వల మనిషిని చూడాలంటే ఆదివారం పొద్దున ఆ మెట్ల మీద, జయపాల్ గారి పక్కన నిలబడి ఉండాలి. జాలరి కూడా చెప్పాడు, ఇద్దరు పక్కపక్కనే నిలబడి ఫోన్ చూసుకున్నారని."

గంగాప్రసాద్ నవ్వాడు. "మేడం, కృష్ణానది ఫోటో అంటే పడవుంటుంది, వలుంటుంది. అలవాటుగా రాసేశాను. రోజూ వంద కామెంట్లు రాస్తాను."

"నిజమే. ఫోటో చూడకుండానే రాశారు. గ్రూపులో మీరు మెచ్చుకోని ఫోటో లేదు. దీన్ని వదిలేస్తే అనుమానం వస్తుందనుకున్నారు. మెసేజుల్లో పైకి వెళ్ళి ఫోటో చూసే ఓపిక లేదు. గుర్తున్నది రాశారు. జయపాల్ గారు తర్వాత కత్తిరించారని మీకు తెలియదు."

"ఇదొక సాక్ష్యమా?"

"కాదు. ఇదీ." తెర మీద గొల్లపూడి సెంటరు కనిపించింది. తెల్ల కారు. నంబరు స్పష్టంగా ఉంది. ఆదివారం ఐదూ ఇరవైకి ఇబ్రహీంపట్నం వైపు. ఏడూ పదికి వెనక్కి. స్టీరింగ్ దగ్గర గంగాప్రసాద్ ఒక్కడే.

ఈసారి గంగాప్రసాద్ నవ్వలేదు.

"ఎందుకు?" అని వెనకనుంచి ఆరోన్ అరిచాడు.

"మీరు పెట్టిన ఇడ్లీ ఫోటోలోనే ఉంది ఆరోన్ గారూ."

తెర మీద ఇడ్లీ వచ్చింది. నాగాయలంక టిఫిన్ హోటలు. దాని కింద ఆ రోజు యాభై మంది అల్లం చట్నీ గురించి మాట్లాడుకున్నారు. కనకదుర్గ వేలు ప్లేటుని దాటి వెనక్కి వెళ్ళింది. బల్ల దగ్గర గంగాప్రసాద్ ఇడ్లీ నోట్లో పెట్టుకుంటున్నాడు. మెళ్ళో కెమెరా లేదు. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. అక్కడ ఒక ముసలావిడ గంపెత్తుకుంటోంది. ఆవిడ ముందు జయపాల్. కంటికి ఆనించిన పెద్ద కెమెరా. దానికున్న ఎర్ర పట్టీ గంగాప్రసాద్‌ది.

"కెమెరా మీదే," అంది కనకదుర్గ. "కన్ను ఆయనది. మీరు టిఫిన్ తింటున్నారు."

హాల్లో గుసగుసలు లేచాయి. హెప్సిబా మాత్రం తెరవైపే చూస్తోంది. భర్త చేతిలో పెద్ద కెమెరా ఆమె ఎప్పుడూ చూడలేదు.

గంగాప్రసాద్ కుర్చీలో కూలబడ్డాడు.

"పేరు వెయ్యమన్నాడు," అన్నాడు. "అంతే అడిగాడు. 'కింద చిన్నగానైనా ఫర్వాలేదు సార్' అన్నాడు. నేనెలా వేస్తాను? ఫ్లెక్సీ కట్టించాను. చుట్టాలందరికీ చెప్పాను. మాట్లాడుకుందాం రమ్మంటే రేవుకి రమ్మన్నాడు. ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్ళాను, ఎవరికీ తెలియకూడదని. నాతో ఏ గొడవా లేనట్టు ముందు ఆ ఫోటో చూపించాడు. 'బాగుందా సార్' అని అడిగి, ఫోన్లో ఏదో నొక్కుకుని సంచిలో వేశాడు. తర్వాత... 'వచ్చే ఆదివారం సభకి నేనూ వస్తాను, అందరి ముందూ నిజం చెబుతాను' అన్నాడు. సంచి పక్కన పెట్టి లేచాడు. జబ్బ పట్టుకున్నాను. విదిలించుకున్నాడు. కోపమొచ్చి తోశాను. దొర్లుకుంటూ నీళ్ళలోకి పోయాడు. చంపాలని కాదు మేడం."

"నీళ్ళలో పడ్డాక?"

"చుట్టూ చూశాను. ఎవరూ లేరు."

"ఆయన?"

గంగాప్రసాద్ పెదాలు కదిలాయి.

"పిలిచాడు. రెండుసార్లు. 'గంగాప్రసాద్ గారూ' అని."

యేసుబాబు ముందుకి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని లేపాడు. నడవలో దారి ఇచ్చారు మిత్రులు. ఎప్పుడూ ఆయన పక్కన నిలబడి ఫోటో దిగడానికి తోసుకునేవాళ్ళు, ఇప్పుడు చొక్కా తగలకుండా కుర్చీల మధ్యకి జరిగారు.

హెప్సిబా లేచి నిలబడింది. గంగాప్రసాద్ ఆమె ముందు ఆగాడు.

"అమ్మా, ఆ బహుమతి జయపాల్ పేరు మీద వచ్చేట్టు నేనే రాసిస్తాను. ఆ ఫ్లెక్సీ కూడా..."

"మీకు ఈతొచ్చాండీ?"

స్కూల్లో పిల్లల్ని అడిగినట్టు మెల్లగా అడిగింది. గంగాప్రసాద్ కనకదుర్గ వైపు చూశాడు. ఆమె జవాబు కోసం చూస్తోంది. యేసుబాబు చూస్తున్నాడు. హాలంతా చూస్తోంది.

"వచ్చు," అన్నాడు. "చిన్నప్పుడు కృష్ణలోనే నేర్చుకున్నాను."

హెప్సిబా పక్కకి జరిగి ఆయనకి దారి వదిలింది.